వీధిలో విండోస్, పెన్‌డ్రైవ్‌లో లినక్స్

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో గడువు తీరింది. ఆ మర్నాడు ఎవరి కంప్యూటరూ మొరాయించలేదు. ఎప్పట్లాగే తెరుచుకుంది, ఎప్పట్లాగే పాటలు పాడింది. భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం ఇక మామూలుగా రావు. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా వస్తాయి. పోనీ విండోస్ 11కి ఎక్కుదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. 2016లో కొన్న ఐ3 ల్యాప్‌టాప్ ఆ రెండో షరతు దగ్గరే ఆగిపోతుంది. బ్యాటరీ తప్ప మిగతా అంతా బాగానే ఉన్న యంత్రం. అప్పుడు ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు అనే మాట ఒకటుంది: "లినక్స్ వేసుకో నాన్నా, డబ్బులేం అక్కర్లేదు."

డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. లినక్స్ గురించి రాసేవాళ్ళందరూ ధరతోనే మొదలుపెడతారు. విండోస్ లైసెన్సు వేలల్లో ఉంటుంది, లినక్స్‌కి పైసా ఖర్చు లేదు అంటారు. ఈ వాదన మన ఊళ్ళలో పెద్దగా పారదు. ఇక్కడ చాలా ఇళ్ళలో విండోస్‌కి కూడా ఎవరూ డబ్బు కట్టలేదు. అసెంబుల్ చేసిన సిస్టమ్‌తో పాటే అది వచ్చింది. మందు గోలీ వేసినట్టు ఒక యాక్టివేటర్ వేసి, దానికోసం యాంటీవైరస్‌ని కాసేపు ఆపేసి, షాపు కుర్రాడు పని ముగించాడు. దాంతోపాటు ఆఫీస్, వీఎల్‌సీ, విన్‌రార్, అడిగితే పేజ్‌మేకర్, అడక్కపోయినా రెండు మూడు ఆటలు కూడా ఎక్కించాడు. సర్వీసు చార్జీ కింద నాలుగైదు వందలు తీసుకున్నాడు. మైక్రోసాఫ్ట్ తన ప్రకటనల్లో చూపించే విండోస్ ఒకటి, మన మేజా మీద ఉన్న ఈ విండోస్ ఒకటి. లినక్స్‌ని పోల్చాల్సింది ఈ రెండోదానితో. మొదటిదానితో పోల్చే వ్యాసాలు చదివి లినక్స్‌కి మారినవాళ్ళు నెల తిరక్కుండా వెనక్కి రావడానికి కారణం సగం ఇక్కడే ఉంది.

లినక్స్ అంటే కూడా ఒకటి కాదు. ఫిన్లండ్ విద్యార్థి లినుస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్ చుట్టూ వందల కూర్పులు పుట్టాయి. వీటినే డిస్ట్రో అంటారు. కొత్తవాళ్ళ కోసమైతే నేను లినక్స్ మింట్ అనే కూర్పునే పోలికకు తీసుకుంటాను. క్లెమెంట్ లెఫెబ్వ్ర్ 2006లో మొదలుపెట్టినది, ఉబుంటు మీద ఆధారపడినది. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 దాకా మద్దతుంది. ఉబుంటునే ఎందుకు తీసుకోకూడదు? తీసుకోవచ్చు. ఒకప్పుడు అడిగిన ప్రతివాడికీ పోస్టులో ఉచితంగా సీడీలు పంపి, మన ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్ళకు లినక్స్‌ని పరిచయం చేసింది ఉబుంటే. కానీ దాని తెర ఇప్పుడు విండోస్ అలవాటున్న కంటికి బొత్తిగా కొత్త. చిన్న తేడా ఒకటి చెబితే రెండింటి స్వభావం తెలుస్తుంది. ఉబుంటు 24.04లో టెర్మినల్ తెరిచి పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు, చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందేమోనని కొత్తవాడు మళ్ళీ మళ్ళీ కొడతాడు. మింట్‌లో అక్షరానికొక నక్షత్రం పడుతుంది. భద్రత లెక్కన చూస్తే అది ఒక పిసరు తక్కువే కావచ్చు. మనిషి కంగారు పడతాడని ముందే ఊహించిన చోట నాకు ఆ పిసరు పట్టింపు లేదు.

ప్రవేశం దగ్గర రెండూ ఎలా ఎదురొస్తాయో చూద్దాం. కొత్త విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరిస్తే నెట్ కావాలంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలంటుంది. లోపలికి వచ్చాక స్టార్ట్ మెనూలో మనం అడగని సిఫారసులు ఉంటాయి. మింట్ ఖాతా అడగదు. ఇంకా మేలైన సంగతి, వేసుకోకముందే వాడి చూడనిస్తుంది. మూడు జీబీకి కాస్త అటూఇటుగా ఉండే ఫైలు దించుకుని, రూఫస్ లాంటి సాధనంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఆ కంపెనీ పెట్టిన మరో కీ గానీ నొక్కితే, పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం డెస్క్‌టాప్ లేస్తుంది. వైఫై కలుస్తోందా, స్పీకర్ మోగుతోందా, బ్రైట్‌నెస్ కీ పనిచేస్తోందా, తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలు సరిగా ఉన్నాయా, అన్నీ చూసుకోవచ్చు. హార్డ్‌డిస్క్ జోలికి పోకుండానే. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో రెండు వ్యవస్థల మధ్య పోటీయే లేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాతి మెట్టు దగ్గర పొంచి ఉంటుంది. దాని గురించి హెచ్చరించేవాళ్ళు తక్కువ. మన దగ్గర ఫార్మాట్ అనే వైద్యం చుట్టూ ఒక నమ్మకం పాతుకుపోయింది: సీ డ్రైవ్ పోతుంది, డీ డ్రైవ్ ఉంటుంది. షాపులో కుర్రాడు కూడా అదే అడుగుతాడు, "డెస్క్‌టాప్ మీద ఏమన్నా ఉన్నాయా సార్? ఉంటే డీలో పడేయండి, కొట్టేస్తా." ఆ నమ్మకం మీదే పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాలు అన్నీ డీలో పేరుకుని ఉంటాయి. మింట్ ఇన్‌స్టాలర్‌కి ఈ సీ, డీ లెక్క తెలియదు. డిస్కు మొత్తం చెరిపేసి వేసుకొమ్మని ఒక దారి చూపిస్తుంది. చూడ్డానికి అదే సులువుగా ఉంటుంది. అది ఎంచుకుంటే పోయేది సీ ఒక్కటే కాదు, డిస్కు మీద ఉన్న సమస్తం. ఇన్‌స్టాలర్ ఆ సంగతి చెప్పి హెచ్చరిస్తుంది కూడా, పాపం దాని తప్పేం లేదు. కానీ పదేళ్ళుగా విన్న "డీ సేఫ్ సార్" ముందు ఇంగ్లీషులో ఒక వాక్యం ఏపాటిది? విండోస్ పక్కనే వేసుకొమ్మనే రెండో దారి ఎంచుకున్నా సరే, ఫొటోలూ కాగితాలూ ముందుగా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ హార్డ్‌డిస్క్‌ని ఊడదీసి బీరువాలో పెట్టాకే మొదలుపెట్టాలి. విండోస్ వైపు కూడా ఒక ఉచ్చుంది. ఈమధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో తెలుసుకోకుండా పార్టిషన్లు కదిపితే, తర్వాత విండోస్ ఆ నలభై ఎనిమిది అంకెలూ అడుగుతూ కూర్చుంటుంది.

రెండింటినీ ఒకే డిస్కులో పెట్టినప్పుడు ఒక తమాషా కూడా జరగవచ్చు. మదర్‌బోర్డు మీద ఉండే గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా చదువుతుంది. లినక్స్ మామూలుగా దాన్ని గ్రీనిచ్ లెక్కన ఉంచుతుంది. లినక్స్‌లో పనిచేసి విండోస్‌లోకి వస్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. ఒక్కోసారి బ్యాంకు సైటు తెరుచుకోకపోవచ్చు, సర్టిఫికెట్ చెల్లదనవచ్చు. బోర్డు మీద సెల్ అయిపోయిందని షాపులో కొత్త సెల్ వేయించుకున్నా ఫలితం ఉండదు. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో సర్దుకునే విషయం ఇది. రెండింటిలో దేనిదీ తప్పు కాదు, ఎవరి లెక్క వారిది.

లోపలికి వెళ్ళాక మింట్ తెర చూస్తే ఒక వింత అనిపిస్తుంది. విండోస్ 7 వాడి అలవాటైన మనిషికి విండోస్ 11 కన్నా మింటే చుట్టంలా కనిపిస్తుంది. ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం, అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. కొత్తది వేసుకున్నామన్న అనుభూతి కన్నా పాతది తిరిగొచ్చిన ఊరట ఎక్కువ. ఇది మెచ్చుకోలే గానీ, ఇందులో ఒక మోసం కూడా ఉంది. పైకి ఒకేలా ఉంది కదాని లోపలా అలాగే ఉంటుందనుకుంటాం. డౌన్‌లోడ్ చేసిన ఎగ్జీ ఫైలు మీద రెండుసార్లు నొక్కుతాం, ఏమీ జరగదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కోసం సైట్లు వెతకరు, సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు కొట్టి వేసుకుంటారు. ఫోనులో ప్లే స్టోర్ వాడేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. నిజానికి విండోస్ పద్ధతే వెనకబడింది. ఏదో ప్లేయర్ కోసం వెతికి, మూడు నకిలీ డౌన్‌లోడ్ బొత్తాలు తప్పించుకుని, నాలుగోది నొక్కితే దాంతో పాటు ఒక టూల్‌బారూ రెండు యాంటీవైరస్‌లూ వచ్చి చేరడం విండోస్ వాడుకలో ఎన్నో ఏళ్ళుగా మామూలు సంగతి.

అప్‌డేట్ల విషయంలో నా మొగ్గు పూర్తిగా మింట్ వైపే. మూలన ఒక చిన్న షీల్డు బొమ్మ ఉంటుంది, నొక్కితే ఏమేం వచ్చాయో జాబితా చూపిస్తుంది, మన వీలు చూసుకుని వేసుకోవచ్చు. ఎక్కువసార్లు రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్ పరీక్షకు పది నిమిషాల ముందు నీలం తెర మీద శాతాలు లెక్కపెట్టుకునే బాధ ఉండదు. ఏదైనా చెడితే టైమ్‌షిఫ్ట్‌తో నిన్నటి స్థితికి పోవచ్చు, అయితే దాన్ని మనమే ముందుగా ఆన్ చేసుకోవాలి. ఆటల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్టీమ్‌లో ఉన్న ఆటలు బోలెడు లినక్స్‌లో ఆడతాయి, వాలరెంట్ ఆడదు. ఇంట్లో వాలరెంట్ ఆడే కుర్రాడుంటే ఈ వ్యాసం వాడి గది బయటే ఆగిపోతుంది. టాలీలో లెక్కలు రాసేవాళ్ళు కూడా విండోస్‌లోనే ఉండటం మేలు. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపించే వైన్ లాంటి వాటితో తంటాలు పడవచ్చు గానీ, జీఎస్‌టీ గడువు రోజున చేసే ప్రయోగం కాదది.

పాత యంత్రం లినక్స్‌తో కుర్రదైపోతుందన్న ప్రచారాన్ని కొంచెం తగ్గించి వినాలి. మింట్ విండోస్ కన్నా తేలికైనదే, ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు ఇంకా తేలిక. కానీ నాలుగు జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ పది ట్యాబులు తెరిస్తే రెండూ ఒకేలా రొప్పుతాయి, ఎందుకంటే తినేది బ్రౌజర్. తిరిగే హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే వచ్చే తేడా ఏ ఓఎస్ మార్చినా రాదు. రెండూ కలిపి చేసి ఘనత మొత్తం లినక్స్ ఖాతాలో వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక ప్రింటర్. మన జిరాక్స్ షాపుల్లో, ప్లీడర్ గుమాస్తాల బల్లల మీద ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ఉంది చూశారూ, దానికి కాప్ట్ అనే సొంత భాష తప్ప మరొకటి రాదు. విండోస్‌లో డ్రైవర్ వేస్తే చిటికెలో పని. లినక్స్‌లో డ్రైవర్ ఉంది గానీ, అది కూర్చోబెట్టడం కొత్తవాళ్ళ పని కాదు. అదే వైఫైతో కలిసే కొత్త ప్రింటరైతే మింట్ చాలాసార్లు డ్రైవర్ అడక్కుండానే గుర్తుపడుతుంది. హెచ్‌పీ వాటికి హెచ్‌పీలిప్ అనే ఏర్పాటుంది. అంటే ప్రింటర్ కొత్తదైతే లినక్స్‌కి సుఖం, పాతదైతే విండోస్‌కి సుఖం. కంప్యూటర్ దగ్గరేమో దీనికి తిరగేసి ఉంది. పాత కంప్యూటరూ పాత ప్రింటరూ ఉన్న ఇల్లు ఎటు పోవాలి?

ఈ ప్రశ్న ఎవరిని అడుగుతాం? నా వాదనంతా ఇక్కడే ఉంది. విండోస్ బలం దాని సాఫ్ట్‌వేర్‌లో కన్నా మన వీధిలో ఎక్కువుంది. చెడితే చూసేవాడు బజారు చివర షాపులో ఉన్నాడు. పక్కింటి బ్యాంకు ఉద్యోగికి కొంత తెలుసు. మేనల్లుడికి మిగతాది తెలుసు. యూట్యూబ్‌లో తెలుగులో బొమ్మ చూపించి మరీ చెప్పేవాళ్ళు వందలమంది. వాళ్ళ జ్ఞానం లోతైనదని నేను అనను. చాలావరకు అది "ఫార్మాట్ కొట్టేద్దాం" దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. అయినా సాయంత్రానికి సిస్టమ్ నడుస్తుంది. లినక్స్ వేసిన సిస్టమ్‌ని అదే షాపు బల్ల మీద పెడితే వినిపించే మాట ఇంచుమించు ఇలా ఉంటుంది: "లినక్సా అంకుల్? దీంట్లో మీకు వర్డ్ ఉండదు, ఏముండదు. పాత పదే మళ్ళీ వేసిస్తాలెండి." అతని మీద కోపం తెచ్చుకోవడం అనవసరం. తెలియని యంత్రం మీద గంటలు పోగొట్టుకుంటే అతనికి పూట గడవదు.

లినక్స్ జ్ఞానం మనుషుల్లో కాకుండా రాతలో ఉంటుంది. అది విస్తారమైనది, చాలాసార్లు షాపు జ్ఞానం కన్నా ఎంతో నిక్కచ్చైనది. తప్పు చూపించే సందేశాన్ని యథాతథంగా కాపీ చేసి వెతికితే అదే తప్పు ఎదురైన మనిషి, దానికి కారణం చెప్పిన మరో మనిషి దొరుకుతారు. విండోస్‌లో "ఏదో పొరపాటు జరిగింది" అన్న ధోరణి సందేశంతో అంత దూరం పోలేం. అయితే ఆ రాత దాదాపు అంతా ఇంగ్లీషులో ఉంటుంది. పైగా పదేళ్ళ నాటి జవాబూ నిన్నటి జవాబూ పక్కపక్కనే ఉంటాయి. ఉబుంటు 14.04 కాలపు ఆదేశాన్ని తెచ్చి మింట్ 22లో అతికిస్తే ఏమీ కాకపోతే అదృష్టం. తేదీ చూడకుండా, సుడో అని మొదలయ్యే ఏ వాక్యాన్నీ టెర్మినల్‌లో అతికించకపోవడం కొత్తవాళ్ళు ముందుగా నేర్చుకోవాల్సిన సంగతి.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. లినక్స్ తెలిసినవాళ్ళకు తెలుగు నేల మీద కరువేం లేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ నిలబడి తలెత్తితే రెడ్ హ్యాట్, క్లౌడ్, డెవాప్స్ అంటూ బోర్డులే బోర్డులు. అక్కడ నేర్చుకుని వెళ్ళినవాళ్ళు ఎక్కడెక్కడి కంపెనీల లినక్స్ సర్వర్లనో రాత్రింబగళ్ళు కాపలా కాస్తున్నారు. కానీ వాళ్ళకు వచ్చింది తెర లేని లినక్స్. దూరాన ఉన్న యంత్రంలోకి ఆదేశాలు పంపే లినక్స్. కోర్సు పాఠాలు విన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది మాత్రం విండోసే. నాన్నగారి ప్రింటర్ కదలకపోతే ఆ జ్ఞానం అక్కరకు రాదు. కేరళలో వేరే దారి పట్టారు. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఐటీ ఎట్ స్కూల్ పథకం, ఇప్పుడు కైట్ పేరుతో నడుస్తున్నది, రెండు దశాబ్దాలుగా పిల్లలకు లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే. అక్కడ ఇంటికొక్క పిల్లకైనా లినక్స్ తెర పరిచయమే. సాఫ్ట్‌వేర్ అదే, మారింది చుట్టూ ఉన్న మనుషులు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఒక లినక్స్ కూర్పునే తయారుచేసింది. అలాంటి పని వెనక అంత పెద్ద బడి వ్యవస్థ నిలబడి ఉంటే కథ ఇంకోలా ఉండేదని నా అభిప్రాయం.

తెలుగు రాయడం దగ్గరికి వస్తే పోలిక ఆసక్తికరంగా మారుతుంది, ఎందుకంటే ఇక్కడ రెండింటికీ సమానమైన చోట్లున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నవాళ్ళకు అసలు తేడాయే లేదు. విండోస్‌లో తెలుగు భాష చేర్చినా, మింట్‌లో కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చినా వేళ్ళు అవే చోట్లకు పోతాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకు విండోస్‌లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. మింట్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతి, దానికి ఎం17ఎన్ అనే జోడింపు వేసుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, సరళ అన్నీ వరసగా కనిపిస్తాయి. ఇన్ని ఎంపికలు విండోస్ తనంతట తాను ఇవ్వదు. చిక్కల్లా ఇంకోచోట ఉంది. మనవాళ్ళలో ఎక్కువమంది వాడేది గూగుల్ ఇన్‌పుట్ టూల్స్. గూగుల్ విండోస్ కోసం ఇవ్వడం ఎప్పుడో మానేసినా ఆ పాత ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ల మీద ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. ramudu అని కొట్టినా రాముడు అని ఊహించి ఇచ్చే సదుపాయం దానిది. ఆర్‌టీఎస్‌లో దీర్ఘానికి దీర్ఘం, డకారానికి పెద్ద అక్షరం కచ్చితంగా కొట్టాలి. ఆ క్రమశిక్షణ వారం పట్టుకుంటే వేగం దానంతటదే వస్తుంది. ఊహించి ఇచ్చేదానికి అలవాటుపడ్డ చేతికి ఆ వారం మాత్రం మహా కష్టం.

ఫాంట్ల దగ్గర ఇంకో చిన్న తగాదా. విండోస్‌లో గౌతమి ఫాంటుతో ఒకే పేజీలో ఒదిగేలా రాసిన అర్జీ మింట్‌లోని లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే ఒదగకపోవచ్చు. అక్కడ గౌతమి లేదు. మరో ఫాంటు దాని చోట కూర్చుంటుంది, వరసల మధ్య ఎడం మారుతుంది, సంతకం చోటు రెండో పేజీకి జారుతుంది. లేదా పేజీ అడుగున ఖాళీ మిగులుతుంది. లినక్స్‌కి తెలుగు రాదనడానికి కొందరు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. నిజానికి రామభద్ర, మండలి లాంటి స్వేచ్ఛగా పంచుకోదగ్గ ఫాంట్లు రెండు వైపులా వేసుకుని రాస్తే ఈ తగాదా చాలావరకు తీరిపోతుంది. ఎవరికీ పంపకముందు పీడీఎఫ్ చేసుకుంటే మొత్తం తీరిపోతుంది.

తీరనిది ఒకటుంది, అది ప్రెస్సువాళ్ళ గోడు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, కవిత్వ సంపుటాలు మన ఊళ్ళలో తయారయ్యేది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ చివరి పెద్ద కూర్పు 7.0, 2001లో వచ్చింది. అడోబీ వదిలేసినా మన డీటీపీ ఆపరేటర్లు వదల్లేదు. కారణం బద్ధకం కాదు. ముప్పై ఏళ్ళ పుస్తకాల ఫైళ్ళు అందులో ఉన్నాయి. ఒత్తులు, గుణింతాలు కంటికి ఇంపుగా సర్దుకునే ఒడుపు వాళ్ళ వేళ్ళలో ఉంది. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన పద్ధతి అది. ఆ ఫైలుని లిబ్రెఆఫీస్ డ్రా కొంతవరకు తెరవగలదు గానీ, ఆ ఫాంటు లేనిచోట తెర మీద కనిపించేది డాలర్లూ కొమ్ములూ కలిసిన గజిబిజి. ఇక్కడ విచిత్రమేమిటంటే ప్రెస్సుల్లో వాడుకలో ఉన్న యాపిల్ కీబోర్డు పేరుతోనే ఒక తెలుగు లేఅవుట్ మింట్‌లో ఐబస్ జాబితాలో కూడా ఉంది, అదీ యూనికోడ్‌లో. స్క్రైబస్ అనే పేజీ సాఫ్ట్‌వేర్ 1.5 వరస నుంచి తెలుగు ఒత్తుల్ని సరిగా పేర్చడం నేర్చుకుంది. అంటే ఆపరేటర్ లినక్స్‌కి వస్తే అతని వేళ్ళకు ఎంతోకొంత దారి ఉంది. అతని పాత ఫైళ్ళకు లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, మార్చాక ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫ్ చూడాలి. ఆ కూలి ఎవరిస్తారు?

కనుక నా తీర్పు మనిషిని బట్టి మారుతుంది. రిటైరైన మాస్టారు వార్తలు చదువుతారు, మనవరాలితో వీడియోలో మాట్లాడతారు, అప్పుడప్పుడూ తెలుగులో ఉత్తరం రాస్తారు, కరెంటు బిల్లు కడతారు. ఆయన 2016 ల్యాప్‌టాప్‌కి మింట్ విండోస్ 10 కన్నా అన్నివిధాలా మేలు, ముఖ్యంగా ఇకమీదట. మొదటి నెల ఫోనులో అందుబాటులో ఉండే మనిషి ఒక్కరు చాలు. కోడు రాయడం నేర్చుకునే విద్యార్థికి రెండూ పక్కపక్కనే ఉండటం మంచిది, క్రాక్ చేసిన విండోస్ మాత్రం ఏ వైపునా వద్దు. డీటీపీ షాపు యజమానికి నేను మింట్ సిఫారసు చేయను. పేజ్‌మేకర్ ఉన్న ఆ పాత విండోస్ సిస్టమ్‌ని కదపకండి. నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, అను పనికే దాన్ని వదిలేయండి. ఈమెయిలూ వాట్సాప్ వెబ్బూ మూలన పడి ఉన్న ఇంకో సిస్టమ్‌లో మింట్ వేసుకుని చూసుకోండి. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ముందు మింట్ ఉన్నదాంట్లో గుచ్చి, కావాల్సిన ఒక్క ఫైలునే మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని అటు పంపండి. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల పేర్లతో నక్కి ఉండే షార్ట్‌కట్ వైరస్ మింట్‌లో నడవదు. ఆ ఫోల్డర్ల పక్కన అక్కర్లేని ఎల్‌ఎన్‌కే ఫైళ్ళలా బయటికే కనబడుతుంది, అక్కడే డిలీట్ కొట్టేయవచ్చు.